చివరి కిలోమీటరు

తాబేళ్ళకి టైంటేబిల్ ఉండదు. ఈ సంగతి ఒప్పుకోవటానికి మావారికి రెండేళ్ళు పట్టింది.

మావారు బాంకు ఉద్యోగి. ఏ పని తలపెట్టినా ముందు కాగితం మీద నిలువుగా గీతలు గీసి, పైన 'వివరము, ఖర్చు, రిమార్కులు' అని రాసుకుంటేగానీ ఆయనకి నిద్రపట్టదు. మా పెళ్ళిచూపులప్పుడు కూడా అలాంటి కాగితం ఒకటి తయారయే ఉంటుందని నా అనుమానం. ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. అది అలా ఉంచండి. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకో కాగితం సంగతి. దానిమీద 'గంజాం ప్రయాణం' అని ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంటుంది. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అది కంటపడినప్పుడల్లా నాకు ధర్మం, పాపం, పుణ్యం లాంటి పెద్దపెద్ద మాటలు గుర్తొస్తాయి. రైలు టిక్కెట్ల లెక్క చూసి పాపపుణ్యాలు తలుచుకునే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

గంజాం అంటే చాలామందికి జిల్లాగానే తెలుసు. ఆ జిల్లాకి పేరిచ్చిన ఊరు ఒకటుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. మా చిన్నప్పుడు ఒరిస్సా అనేవాళ్ళం. బరంపురం మీదుగా ఇంకో ముప్ఫయి కిలోమీటర్లు పైకి వెళితే, రుషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఆ ఊరు. కుంపిణీవారి కాలంలో అక్కడ కోట, కచేరీలు ఉండేవిట. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జ్వరాలు తగిలి జనం పిట్టల్లా రాలిపోతే, దొరలు మూటాముల్లే సర్దుకుని బరంపురం మారిపోయారు. ఊరు చిన్నదైపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోదే. అందుకే ఆ తీరం వెంబడి జాలరిపేటల్లో ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగే వినిపిస్తుంది. వాళ్ళని అక్కడ నోళియాలంటారు. రాష్ట్రాలు మారాయిగానీ తిట్లూ జోలపాటలూ మారలేదు.

ఆ నదీముఖం దగ్గర ఇసుకలోకి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. పదీ ఇరవై కాదు, లక్షల్లో. నాలుగైదు రాత్రులు, ఒక్కోసారి వారం పదిరోజులు, ఒడ్డంతా అవే. ఇలా ఒక్కుమ్మడిగా వచ్చే తీరాలు ప్రపంచం మొత్తంమీద చేతివేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మెక్సికోలో, కోస్టారికాలో కొన్ని, మన దేశంలో ఒడిశాలో కొన్ని. ఒడిశాలోనే ఉన్న గహిర్‌మఠ తీరం సంగతి శాస్త్రజ్ఞులకి 1974లో తెలిసింది. రుషికుల్యా సంగతి 1994లోగానీ తెలియలేదు. ఆ ఒడ్డునే పుట్టి ఆ ఒడ్డునే వలలు ఆరేసుకునే జాలరులకి అంతకుముందు తెలియకుండా ఉంటుందా? కనుక్కోవటం అంటే చాలాసార్లు ఊళ్ళోవాళ్ళని అడగటమే కాబోలు.

ఈ ప్రయాణం కోరిక పుట్టింది ఇద్దరికి. ఒకరికి పదహారేళ్ళు, ఒకరికి డెబ్భై ఎనిమిది. మధ్యలో ఉన్న మేమిద్దరం మోసేవాళ్ళం అన్నమాట.

పదహారేళ్ళది మా అమ్మాయి. ఆడతాబేలు తను పుట్టిన తీరానికే మళ్ళీ వచ్చి గుడ్లు పెడుతుందనీ, ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు పుడతారనీ, ఇలా రోజుకో సంగతి అన్నం తినేటప్పుడు చెప్పేది. పుట్టింటికి పురిటికి రావటం అనే మన ఆచారం తాబేళ్ళకి కూడా ఉందన్నమాట అని నేనంటే, "అమ్మా, నీ నవలల్లోకి లాగకు" అని కసిరేది.

డెబ్భై ఎనిమిదేళ్ళావిడ మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మరూపంలో కొలువున్న క్షేత్రం. ఆ గుళ్ళో నక్షత్ర తాబేళ్ళని పెంచుతారు. అత్తయ్యగారు పరికిణీలు కట్టుకునే రోజుల్లో, పెరట్లో తోటకూర కోసుకుని గుడికి పరిగెత్తి వాటి నోటికి అందించేవారట. "అవి మెట్టతాబేళ్ళే. స్వామి పాలసముద్రంలో కదా కొండని మోశాడు! సముద్రంలోంచి లేచి వచ్చే కూర్మాన్ని ఒక్కసారి చూసి పోవాలే అమ్మాయ్" అన్నారు ఒకరోజు. ఆవిడ ఏదైనా కావాలని నోరు తెరిచి అడగటం నా కాపురంలో అది రెండోసారి. మొదటిది వినికిడి మిషను.

ఇహ మావారు కాగితం తీశారు.

విశాఖపట్నం నుంచి బరంపురానికి రైల్లో 277 కిలోమీటర్లు. కోణార్కు ఉంది, ఫలక్‌నుమా ఉంది, ఇంకా బోలెడున్నాయి. గంజాంలో కూడా స్టేషనుందిగానీ పెద్ద రైళ్ళు ఆగవు. కనక బరంపురంలో దిగి టాక్సీ చేసుకోవాలి. అత్తయ్యగారికి కింది బెర్తు. మోకాళ్ళు వంగవు కనక మెట్లు లేని ప్లాట్‌ఫారం మీదకి వచ్చే బండి అయితే మంచిది. ఇంతవరకూ కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. చిక్కల్లా తేదీ దగ్గర వచ్చింది. రైల్వేవారు 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. అయినా సరే, అరవై రోజుల ముందు తాబేళ్ళు ఏ తారీకున బయల్దేరుతాయో ఎవరు చెప్పగలరు? గాలి తిరగాలంటారు. ఒడ్డు కోత పడకుండా ఉండాలంటారు. కొన్ని ఏళ్ళు అసలు ముఖమే చూపించవు. పెళ్ళివారు కూడా ఇంత బెట్టు చెయ్యరు.

మావారు మొదటి ఏడు మార్చి మొదటివారానికి అందాజుగా టిక్కెట్లు కొన్నారు. ఆ ఏడు తాబేళ్ళు రాలేదు. టిక్కెట్లు రద్దు చేసినందుకు పోయిన డబ్బుని 'రిమార్కులు' కింద రాసుకున్నారు. రెండో ఏడు తత్కాల్ అన్నారు. అంటే ముందురోజు పొద్దున్న పదింటికి ఏసీ, పదకొండింటికి మామూలు స్లీపరు. ఆ రెండు గంటలకీ ఫోను చేతిలో పట్టుకుని ధ్యానంలో కూచోవాలి. సరే, తాబేళ్ళు ఈ రాత్రి వచ్చాయని తెలిసి, రేపు పొద్దున్న తత్కాల్ కొట్టి, ఎల్లుండి రైలెక్కి, ఆ రాత్రికి చేరితే అవి ఉంటాయా? ఉండచ్చు, ఉండకపోవచ్చు. చివరికి కాగితం మీద మూడు దారులు మిగిలాయి. రైలు, బస్సు, సొంతంగా మాట్లాడుకున్న కారు. బస్సుకి అత్తయ్యగారి మోకాళ్ళు అడ్డం. కారుకి డబ్బు అడ్డం. ఆ తర్వాత మా అమ్మాయి ఇంకో అడ్డం పెట్టింది.

"నాన్నా, కారంటే రానూపోనూ ఆరువందల కిలోమీటర్లు. ఎంత డీజిలు?"

"నలభై లీటర్లు" అన్నారు ఆయన, వేరే కాగితం మీద లెక్కవేసి.

"సముద్రాలు వేడెక్కి తాబేళ్ళు పాడైపోతున్నాయని బాధపడే మనం నలభై లీటర్లు కాల్చి వాటిని చూడటానికి వెళతామా?"

మావారు పెన్ను మూసేశారు. బాంకులో ఇలాంటి పద్దు ఉండదు మరి.

అక్కడే నాకు మొదటి పురుగు తొలిచింది. అసలు మనం ఎందుకు వెళ్ళాలి? తాబేలు మనల్ని చూడాలని రావటం లేదు. తన పని మీద తను వస్తోంది. పురిటిగది గుమ్మంలో నిలబడి తొంగిచూసే చుట్టాల్ని మనమే కదా తిట్టుకుంటాం! చూడాలనే కోరిక ఎంత గట్టిదైనా అది హక్కు అవుతుందా? ఆకలి వేస్తే అన్నం అడిగే హక్కుందనచ్చు. అందం చూడాలనిపిస్తే? నేను బి.ఏ.లో తర్కం చదివినదాన్ని. రెండువైపులా వాదించటం వచ్చు, తేల్చటమే రాదు. ఒకవైపు, ఎవరూ చూడనివాటిని కాపాడాలని ఎవరికీ తోచదు. ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. మా అమ్మాయి ఆ ఒడ్డు చూసివస్తే రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా ఆ ఒడ్డుకి అపకారం జరిగే కాగితం మీద సంతకం పెట్టేముందు చెయ్యి కాస్త వణుకుతుంది. రెండోవైపు, ఈ మాటే చెప్పుకుని ఏడాదికి లక్షమంది వెళితే? ఆ లక్షమంది చేతులూ వణకటానికి ముందే ఒడ్డు వణికిపోతుంది.

ఇంతకీ వెళ్ళాం. తేలకపోయినా వెళ్ళాం. మనుషులు చేసే పనుల్లో ఎక్కువభాగం తేలకముందే చేసినవే కదూ.

2025 ఫిబ్రవరి మధ్యలో బరంపురం నుంచి నా కాలేజీ స్నేహితురాలు ఫోను చేసింది. "వచ్చేశాయే! మా పనిమనిషి అన్న చూసొచ్చాడు. పొద్దున్నే బయల్దేరండి" అంది. (ఆ ఏడు రుషికుల్యాకి వచ్చినవి దాదాపు 7 లక్షలని తర్వాత అటవీశాఖ వారు లెక్క చెప్పారు. అంతకుముందెన్నడూ అన్ని రాలేదుట.) తత్కాల్‌లో మాకు దొరికింది వెయిటింగ్ లిస్టు. మావారు మాట్లాడకుండా కారు పిలిచారు. మా అమ్మాయి మాట్లాడకుండా ఎక్కింది. నలభై లీటర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆశ దగ్గరపడితే సిద్ధాంతాలు వెనకసీటులో నిద్రపోతాయి.

నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం. దారిపొడుగునా అత్తయ్యగారు చంటిపిల్లలా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. పలాసలో జీడిపప్పు కొనిపించారు, 'వాటికి పెట్టచ్చేమో' అని. పెట్టకూడదని మనవరాలు చెపితే, తనే రెండు నోట్లో వేసుకున్నారు. బరంపురంలో స్నేహితురాలింట భోంచేసి, రాత్రి పదింటికి మళ్ళీ బయల్దేరాం. జాలరిపేట చేరేసరికి పదకొండు దాటింది. తారురోడ్డు అక్కడితో సరి. ఆ పైన సరుగుడుతోట, ఆ తోట దాటాక ఇసుక, ఆ ఇసుక చివర సముద్రం. మొత్తం కిలోమీటరు ఉంటుందన్నారు.

రోడ్డు ఆగినచోట ఒక చిన్న టీకొట్టు. కొట్టు నడిపే ఆవిడ మా మాటలు విని తెలుగులోనే పలకరించింది.

"ఇశాపట్నం నించొచ్చేరా? మా తాతలోళ్ళూ అటేపోళ్ళేనంట."

మంచి టీ. ఆవిడతో అత్తయ్యగారు క్షణంలో కలిసిపోయారు. తాబేళ్ళ ధర్మమా అని ఈ నాలుగురోజులూ నీకు బేరం బాగుంటుందిలే అన్నారు. ఆవిడ నవ్వింది.

"నాలుగ్గోజులు బేరమే తల్లీ. ఆటి పురుడు కోసం నవంబరు నించి మే దాకా మోటారు పడవలు ఏట్లో ఎయ్యొద్దన్నారు. ఏడు నెల్లు. పురిటికొచ్చిన ఆడకూతుర్ని తరిమీలేం గదా, నిజిమే. కానీ మా పిల్లలకీ కూడెట్టాల గదమ్మా! సర్కారోళ్ళు కొంత ఇత్తారు. సేప ఇచ్చినంత ఇత్తారా?"

నదీముఖం దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకూ వేట నిషేధం. నేను చదివినదే. మంచి చట్టం అనుకున్నాను చదివినప్పుడు. మరపడవల వలల్లో పడి ఊపిరాడక చచ్చిన తాబేళ్ళు మన శ్రీకాకుళం, విశాఖ తీరాలకి కొట్టుకు రావటం నేనే చూశాను. ఇప్పటికీ మంచి చట్టమే అంటాను. కాకపోతే ఆ చట్టానికి ఖరీదు ఎవరు కడుతున్నారో ఆ టీ గ్లాసు చేతిలో పట్టుకున్నప్పుడు తెలిసింది. నేను కట్టింది పన్నెండు రూపాయలు.

ఇహ అసలు ఘట్టం. అత్తయ్యగారు చెప్పులు విడిచి, కొంగు నడుముకి చుట్టి, ఇసుకలో పది అడుగులు వేశారు. పదకొండో అడుగుకి మోకాలు మడతపడింది. మావారు పట్టుకోకపోతే పడిపోయేవారే. మళ్ళీ ప్రయత్నించారు. ఇసుకలో కాలు దిగబడుతోంది, లాగితే రావటం లేదు. ఆవిడ ఆయాసపడుతూ నిలబడిపోయారు. సముద్రం హోరు వినిపిస్తోంది. అంత దగ్గర.

మా డ్రైవరు మంచివాడు. అది ముందే చెప్పాలి. పెద్దావిడని చూసి వాడికి జాలివేసింది.

"అమ్మగారూ, తోట పక్కనించి బండ్లదారుందండి. ఇందాక ఒకాయన చెప్పాడు. గార్డులు అటు చివరున్నారు. ఒడ్డు దాకా ఎక్కించీగలను. లైట్లు రెండంటే రెండే నిమిషాలండి. మామ్మగారు సీట్లోంచే చూసీగలరు."

మావారు నావైపు చూశారు. మా అమ్మాయి, "వద్దు! లైట్లు పడితే అవి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతాయి. నిన్నా మొన్నా పెట్టిన గూళ్ళు ఇసుక కిందే ఉన్నాయి. టైర్ల కింద పడితే?" అని ఏడుపు గొంతుతో అంది. అది చెప్పింది అక్షరాలా నిజం. నేను కూడా వద్దన్నాను. నా జన్మలో అంత తేలిగ్గా, అంత గట్టిగా వద్దన్న మాట ఇంకోటి లేదు.

అత్తయ్యగారు నాతో ఎప్పుడూ వాదించరు. ఆ రాత్రి వాదించారు.

"లక్షలొస్తాయన్నారు కదే. అందులో ఒకటో రెండో వెనక్కి పోతే రేపు మళ్ళీ రావూ? నేను రేపు మళ్ళీ వస్తానా?"

నేను మాట్లాడలేదు.

"మూడొందల కిలోమీటర్లు బండిలోనే వచ్చాం. అప్పుడు లేని పాపం ఈ చివరి కిలోమీటరు దగ్గరే వచ్చిందా అమ్మాయ్?"

దీనికి జవాబు నాకు తెలుసు. హైవే మీద గూళ్ళు లేవు, ఇక్కడ ఉన్నాయి. 'నా ఒక్క బండి' అని ప్రతివాళ్ళూ అనుకుంటే ఆ ఒడ్డు మీద బండ్లే మిగులుతాయి. ఇవన్నీ చెప్పచ్చు. చెప్పలేదు. తప్పు అని తెలిసిన పనికి ఒప్పుకోకపోవటం ఒక ఎత్తు, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని ఇసుకలో నిలబెట్టి తర్కం చెప్పటం ఇంకో ఎత్తు. ఆవిడే కాసేపటికి, "సరే, మీరు చూసి రండి" అని వెళ్ళి కారులో కూచున్నారు. మావారు తల్లి దగ్గర ఉంటానన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆ 'వెంటనే' నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది.

చూశాను. ఎలా ఉందని చెప్పను? ముందు ఏమీ కనపడలేదు. పేటలోని కుర్రాళ్ళు ఇద్దరు, కాపలా తిరుగుతున్నవాళ్ళు, టార్చీకి ఎర్ర కాగితం చుట్టుకుని మమ్మల్ని తోట అంచున నిలబెట్టారు. "ఇక్కడే. అడుగు ముందుకెయ్యకండి" అన్నారు. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక ఒడ్డునిండా బండరాళ్ళున్నట్టనిపించింది. తర్వాత బండరాళ్ళు కదిలాయి. ఒక్కోటి నలభై కిలోల బరువుంటుందిట. నీళ్ళలో చేపలా ఈదే ప్రాణి, ఇసుకమీద తన బరువు తను ఈడ్చలేక, నాలుగడుగులు వేసి ఆగి, బుస్సుమని ఊపిరి వదిలి, మళ్ళీ నాలుగడుగులు. అచ్చం అత్తయ్యగారు ఇందాక నడిచినట్టే. ఆ పోలిక నేను కావాలని తెచ్చింది కాదు, అదే వచ్చింది, నన్ను మాత్రం వదల్లేదు.

మాకు అయిదారు గజాల్లో ఒకటి వెనకకాళ్ళతో గొయ్యి తవ్వింది. ఎంత పొందికగా! ఒక కాలితో ఇసుక తీసి పక్కన పెట్టటం, రెండో కాలితో తీసి పక్కన పెట్టటం. తన గొయ్యి తనకి కనపడదు, వెనక్కి తిరిగి చూడలేదు. వందకి పైగా గుడ్లు. అయ్యాక ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ దిమిసా కొట్టినట్టు ధబధబా ఇసుక అణిచింది. అది విసిరిన ఇసుక నా చీరమీద పడింది. దాని కంటి కింద తడి. అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కళ్ళ దగ్గరున్న గ్రంథుల్లోంచి బయటికి పంపుతుంది అని మా అమ్మాయి గుసగుసగా చెప్పింది. సరేలే అన్నాను. ఆ పక్కనే ఇంకో తాబేలు గొయ్యి తవ్వుతూ ఎవరిదో పాతగూడు తవ్విపారేసింది. తెల్లటి గుడ్లు పైకొచ్చి దొర్లాయి. తెల్లారేసరికి కుక్కలూ కాకులూ చూసుకుంటాయి. లక్షల్లో వచ్చినప్పుడు చోటు చాలక ఇలా జరుగుతూనే ఉంటుందిట. 'ఒకటో రెండో' అన్న అత్తయ్యగారి మాట చెవిలో మోగింది. ఇలా పోయేవి వేలల్లో ఉంటే ఆవిడకి రెండు నిమిషాల వెలుతురు ఇస్తే ఏం మునిగింది? కాదు. తాబేలు తాబేలు గుడ్లు తవ్వితే అది చోటు లేక. నేను తవ్విస్తే అది సరదాకి. తేడా ఉంది. ఉందనే ఇప్పటికీ అనుకుంటాను.

తిరిగి వచ్చేసరికి రెండయింది. కారెక్కాక మా అమ్మాయీ నేనూ పోటీలుపడి చూసిందంతా చెప్పాం. అత్తయ్యగారు వింటున్నారో లేదో తెలియలేదు. ఇచ్ఛాపురం దాకా ఒక్కమాట మాట్లాడలేదు. తర్వాత, "చలిగా ఉంది, అద్దం ఎక్కించండి" అన్నారు.

ఇది జరిగినప్పటినుంచీ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న వద్దనటం సరైందా కాదా అని కాదు. అది సరైందే. ఆ రాత్రి ధర్మం ఖర్చంతా ఆవిడ ఖాతాలో పడింది, పుణ్యం నా ఖాతాలో పడింది. నాకు కాళ్ళున్నాయి కనక నా నీతికి నాకు కానీ ఖర్చు కాలేదు. కారు ఒడ్డు దాకా వెళ్ళకూడదని గట్టిగా చెప్పినదాన్ని, 'అయితే నేనూ వెళ్ళను, మీతో కూచుంటాను' అని ఎందుకు అనలేకపోయాను? నేను ఆవిడ పక్కన కూచున్నంతమాత్రాన ఆవిడకి తాబేలు కనపడదు, అది తెలివితక్కువ త్యాగం అంటారు మావారు. కావచ్చు. అయినా జాలరావిడకి ఏడు నెలలు చేపల్లేవు, అత్తయ్యగారికి తాబేలు లేదు, తాబేలుకి తన గూడు దక్కుతుందో లేదో తెలియదు. ఆ ఒడ్డు మీద ఏ నష్టమూ లేకుండా తిరిగొచ్చింది నేనొక్కదాన్నే. నా నవలల్లో ఇలాంటి మనిషి వస్తే ఆవిణ్ణి నేను మంచిదానిగా రాయను.

ఇంకో సంగతి వారం తర్వాతగానీ తట్టలేదు. తట్టాక సిగ్గుతో తలెత్తలేకపోయాను. మావారి కాగితం మళ్ళీ తీసి చూస్తున్నాను. రైళ్ళున్నాయి, బస్సులున్నాయి, కింది బెర్తుంది, బరంపురంలో మాత్రలు ఎక్కడ దొరుకుతాయో కూడా ఉంది. రెండేళ్ళ కాగితంలో ఆ చివరి కిలోమీటరు ఎలా దాటాలో ఒక్క అక్షరం లేదు. ఆవిడ మోకాళ్ళ సంగతి మాకు ఆ రాత్రే తెలిసిందా? స్టేషన్లో మెట్లు గుర్తున్నవాళ్ళకి ఇసుక గుర్తులేకపోయిందా? టీకొట్లో ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఒక కుర్చీకి రెండు వెదుళ్ళు కట్టి, పేటలో నలుగురు కుర్రాళ్ళకి కూలీ ఇచ్చి ఉంటే, లైటు లేకుండా, టైరు లేకుండా, ఆవిడ మహారాణిలా ఒడ్డుకి చేరేవారు. పనిలేక కూచున్న పడవల కుర్రాళ్ళకి నాలుగు డబ్బులు చేరేవి. మన పూర్వులు ముసలివాళ్ళని కొండలమీద దేవుళ్ళ దగ్గరికి డోలీల్లో మోసుకెళ్ళలేదూ? తాబేలా అత్తగారా అని నేను ఆ రాత్రి అంత బరువుగా తూచిన ధర్మసంకటం, సగానికి సగం మా ఏర్పాట్లలో లోపం. ముందు ఆలోచించటానికి బద్ధకించి, ఆ తర్వాత వచ్చిన చిక్కుకి వేదాంతం పేరు పెట్టాను.

ఈ మాట మావారితో అంటే, ఆయన చాలాసేపు చూసి, 'రిమార్కులు' కింద 'కుర్చీ' అని రాసుకున్నారు. అత్తయ్యగారితో అనటానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత ఆవిడకి మోకాళ్ళు ఇంకా పట్టేశాయి. ఇప్పుడు గేటు దాకా వెళ్ళటమే గగనం.

మొన్న సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. హాల్లోంచి అత్తయ్యగారి గొంతు వినిపిస్తోంది.

"ఎంత చీకటనుకున్నావు! ముందు బండరాళ్ళనుకున్నాను. తర్వాత చూద్దును కదా, కదులుతున్నాయి. వెనకకాళ్ళతో ఇలా ఇసుక తీసి పక్కన పెడుతుంది. ఇలా, ఇలా. నామీదకి ఇసుక చిమ్మింది కూడా, చీరనిండా ఇసుకే. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయమ్మా, పాపం. అది ఏడుపు కాదుట, ఉప్పుట."

పక్కింటావిడ, "అదృష్టవంతులు మామ్మగారూ" అని, వంటింటి గుమ్మంలోకి వచ్చి, "మీరూ చూశారా అండీ?" అని నన్నడిగింది.

"ఆ. అత్తయ్యగారి వెనకే నిలబడి చూశాను" అన్నాను.